జంషెడ్‌పూర్ విహారం - ఏ రోజుకు ఏ వాహనం?

విహారయాత్ర అనగానే మనలో చాలామంది మొదట ఆలోచించేది రైలు రిజర్వేషను గురించి, ఆ తరువాత బస గురించి. ఊరు చేరాక ఎలా తిరుగుతామన్న ప్రశ్న స్టేషను బయట ఆటోవాళ్లు చుట్టుముట్టేదాకా ఎవరికీ తోచదు. యాత్రలోని సుఖం, శ్రమ, ఖర్చు చాలావరకు ఆ ప్రశ్నకు మనం చెప్పుకునే సమాధానం మీదనే ఆధారపడి ఉంటాయి. ఎల్.టి.సి. రైలు టిక్కెట్టుకు పనికివస్తుంది గాని ఊళ్లో తిరుగుడుకు పనికిరాదు. ఆ భారం మన జేబుదే. అందుచేత, ఇటీవల మార్చి మొదటి వారంలో జంషెడ్‌పూర్ వెళ్లివచ్చిన మేము, అక్కడి దర్శనీయ స్థలాలతో పాటు అక్కడ తిరిగిన తీరును కూడా సహోద్యోగుల కుటుంబాలకు తెలియజేయడం ఉపయోగకరమని భావిస్తున్నాము.

ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి జంషెడ్‌పూర్ ఒక విధంగా పుణ్యక్షేత్రం వంటిది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, సాక్చి అనే చిన్న పల్లె దగ్గర, 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ తన కర్మాగారాన్ని నిర్మించింది. 1912 ఫిబ్రవరిలో అక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ కర్మాగారం అందించిన ఉక్కుకు గుర్తింపుగా, 1919లో నాటి వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఈ ఊరికి జమ్‌షెట్‌జీ పేరిట జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. అంతవరకు కాళీమాటి అని పిలిచిన రైల్వే స్టేషను టాటానగర్ అయింది. మన విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది 1971లో, జాతికి అంకితమైంది 1992లో. అంటే తొలి దిమ్మె నాటికీ మన అంకితోత్సవానికీ నడుమ 80 ఏళ్ల అంతరం ఉంది. తాతగారి ఇంటికి వెళుతున్న మనుమల భావమే మాకు కలిగింది.

మా బృందంలో మూడు కుటుంబాల వారము కలిసి పదకొండు మందిమి. పెద్దవాళ్లము ఆరుగురము, పిల్లలు నలుగురు, పదకొండవవారు మా సహోద్యోగి ఒకరి మాతృమూర్తి. డెబ్బై ఆరేళ్ల ఆవిడను పిల్లలతో పాటు మేమందరమూ మామ్మగారు అనే పిలుస్తాము. యాత్రకు అసలు కారణం కూడా ఆవిడే. ఆవిడ తమ్ముడు శ్రీకాకుళం జిల్లా నుండి చిన్నవయసులోనే పని వెతుక్కుంటూ జంషెడ్‌పూర్ వెళ్లి, ముప్పై ఏళ్లు అక్కడే ఉద్యోగం చేసి, కదమా ప్రాంతంలో కాపురమున్నారు. ఏటా మార్చి నెలలో వ్రాసే ఉత్తరంలో జూబిలీ పార్కు దీపాలంకరణను వర్ణించి, "ఈసారైనా రా అక్కా" అని ముగించేవారట. ఆయన ఉన్నన్నాళ్లూ ఆవిడకు వీలుకాలేదు. ఇప్పుడు ఆయన లేరు. ఆ దీపాలను ఒక్కసారి చూసిరావాలన్నది మామ్మగారి కోరిక. ఆవిడకు రెండు మోకాళ్లూ నొప్పులే. చదునైన నేల మీద నూరు గజాలు నడిస్తే కాసేపు కూర్చోవలసిందే. కనుక వాహనం మాట మాకు కేవలం డబ్బు లెక్క కాదు.

బయలుదేరడానికి పది రోజుల ముందు ముగ్గురి ఇళ్లలోనూ ఇదే చర్చ. మాలో చిన్నవాడు విశాఖ నుండే సొంత కార్లలో పోదామన్నాడు. ఖరగ్‌పూర్ మీదుగా సుమారు 900 కిలోమీటర్ల దూరం. డ్రైవింగుకే రానూ పోనూ నాలుగు రోజుల సెలవు హరించుకుపోతుంది, పైగా మామ్మగారు అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోలేరు. ఆ మాట అక్కడితో ఆగింది. రెండవవారు, టాటానగర్‌లో దిగగానే రెండు పెద్ద కార్లు అద్దెకు తీసుకుని నాలుగు రోజులూ దగ్గరే ఉంచుకుందామన్నారు. మూడవవారు, ఊరు చిన్నది, ఆటోలు చాలునన్నారు. ఎవరి వాదన వారికి సబబుగానే తోచింది.

చివరకు ఒక కాగితం మీద నాలుగు రోజుల కార్యక్రమాన్ని వ్రాసి, ప్రతి రోజుకూ ఎదురుగా మూడు ప్రశ్నలు వేసుకున్నాము. ఎంత దూరం పోవాలి? చేరినచోట ఎంతసేపు ఉంటాము? వాహనం దిగిన చోటునుండి మామ్మగారు ఎంత నడవాలి? ఈ మూడింటికీ జవాబులు వ్రాసేసరికి నాలుగు రోజులకు ఒకే వాహనం కుదరదని స్పష్టమైంది. ఊరిలోపలి రోజులు వేరు, ఊరి వెలుపలి రోజు వేరు.

ఈ తేడా అర్థం కావాలంటే వినోద ఉద్యానాల సంగతి కొంత చెప్పుకోవాలి. అమెరికాలో 1955 జూలైలో ప్రారంభమైన డిస్నీలాండ్‌కు ప్రజలు కార్లలో వస్తారన్నది మొదటి నుండి ఉన్న అంచనా. అందుకే ఉద్యానం ముందు విశాలమైన కార్ల మైదానాన్ని ఏర్పాటు చేశారు. 1971లో ఫ్లోరిడాలో తెరచిన డిస్నీ వరల్డ్ అయితే సుమారు 40 చదరపు మైళ్ల విస్తీర్ణంలో ఉంది. లోపల ఒకచోటినుండి మరొకచోటికి పోవడానికి వారి బస్సులు, మోనోరైలు, పడవలు ఉన్నాయి. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లివచ్చిన మన పెద్దలు కొందరికి ఇది అనుభవమే. ఆ ఆవరణలోని హోటల్లో దిగినవారికి అద్దె కారు దాదాపు అనవసరం, బయట దూరంగా బస చేసినవారికి అది లేనిదే గడవదు. మన హైదరాబాదు శివార్లలో 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీలోనూ అంతే. అక్కడికి ఏ కారులో వెళ్లినా, లోపల తిప్పి చూపించేది వారి బస్సులే. వచ్చిన కారు సాయంత్రందాకా బయట నిలిచి ఉంటుంది.

జూబిలీ పార్కు తీరు ఇందుకు భిన్నం. టాటా ఉక్కు కంపెనీ స్వర్ణోత్సవ కానుకగా వెలసిన ఈ ఉద్యానాన్ని 1958 మార్చి 1వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. మైసూరు బృందావన్ గార్డెన్స్ దీనికి స్ఫూర్తి. రెండు వందల ఎకరాలకు పైబడిన ఈ తోటలో మెట్లు మెట్లుగా దిగే ఫౌంటెన్లు, గులాబీ తోట, జయంతి సరోవరం, జమ్‌షెట్‌జీ విగ్రహం ఉన్నాయి. 1994లో ప్రారంభమైన జంతు ప్రదర్శనశాల దీనిని ఆనుకునే ఉంది. అన్నింటికంటె ముఖ్యం, ఇది ఊరి వెలుపల లేదు, ఊరి నడిబొడ్డున ఉంది. ఒకవైపు సాక్చి బజారు, మరొకవైపు బిస్టుపూర్. కర్మాగారం ఇంకా కాగితం మీద కూడా రూపుదాల్చని 1902లోనే జమ్‌షెట్‌జీ తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, కార్మికుల ఊరికి వెడల్పయిన వీధులు, నీడనిచ్చే చెట్లు, తోటలు, ఆట స్థలాలు, అన్ని మతాల వారి ప్రార్థనా స్థలాలకు చోటు ఉండాలని సూచించారు. డ్యూటీ ముగించుకున్న మనిషి భార్యాబిడ్డలతో నడుచుకుంటూ వచ్చి కూర్చోవలసిన తోట ఇది. ఇటువంటిచోట కారు రోజంతా చెట్టు కింద ఊరకే నిలబడుతుంది, దాని కిరాయి మాత్రం నిలబడదు.

అద్దె కార్ల పద్ధతి సహోద్యోగులలో చాలామందికి తెలిసినదే అయినా, ఒకసారి చెప్పుకోవడం మంచిది. ఊళ్లో తిరగడానికి సాధారణంగా ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు అని ఒక మొత్తం మాట్లాడతారు. గంటలు మించినా, కిలోమీటర్లు మించినా అదనం. పొరుగూరికైతే రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని లెక్కకట్టి, డ్రైవరు బత్తా విడిగా అడుగుతారు. మీటరు మన బస దగ్గర మొదలవుతుందా, వారి షెడ్డు దగ్గర మొదలవుతుందా అన్నది ముందే తేల్చుకోవాలి. టోలు, పార్కింగు, రాత్రి చార్జీ ఎవరివో కూడా మాట్లాడుకుని కాగితం మీద వ్రాయించుకోవాలి. మా లెక్క ప్రకారం, పార్కు చూసే రోజున కారు ఎనిమిది గంటలకు మాట్లాడితే చక్రం తిరిగేది గంటకు మించదు. మిగిలిన ఏడు గంటలకు మనం కొనేది నీడన నిలిచిన బండిని. పైగా పదకొండు మందికి ఒక కారు చాలదు కనుక, ఆ నష్టం రెండింతలు.

ఇంకొక మాట. టాక్సీగా తిరిగే బండికి పసుపు పలక మీద నల్లని అంకెలు ఉండాలి. మనమే నడుపుకునేందుకు ఇచ్చే అద్దె కారుకైతే నల్లని పలక మీద పసుపు అంకెలు ఉంటాయి. తెల్ల పలక ఉన్న సొంత కారును తక్కువకే తిప్పుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కిరాయికి తిరిగే బండికి పర్మిట్టు తప్పనిసరి. అది లేని బండికి ప్రమాదం జరిగితే బీమా పరిహారం దగ్గర చిక్కులు వస్తాయి. ఇంటిల్లిపాదీ ప్రయాణించే బండి విషయంలో ఆ నాలుగు రూపాయల ఆదాకు ఆశపడడం తగదు.

మేము విశాఖ నుండి రైలులో ఖరగ్‌పూర్ చేరి, అక్కడ రైలు మారి టాటానగర్ వెళ్లాము. విజయనగరం, రాయగడ, సంబల్‌పూర్ మీదుగా నేరుగా పోయే రైళ్లు కూడా కొన్ని ఉన్నాయి. రైల్వే ఉద్యోగాల కోసం మనవాళ్లు తరతరాలుగా స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. ప్లాట్‌ఫారం మీద చెవిన పడిన తెలుగు మాటలకు మామ్మగారి ముఖం వికసించింది. అక్కడినుండి టాటానగర్ 134 కిలోమీటర్లే.

స్టేషను నుండి బిస్టుపూర్‌లోని మా బసకు నాలుగైదు కిలోమీటర్ల దూరం. సామానుతో కలిపి నాలుగు ఆటోలు మాట్లాడుకున్నాము. మొదటి రోజు సాయంత్రం బిస్టుపూర్‌లోనే ఉన్న ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళ్లాము. బతుకుతెరువు కోసం వచ్చిన తెలుగువారు తమ ఊరి దేవుణ్ణి వెంట తెచ్చుకున్నారనడానికి ఆ మందిరమే సాక్ష్యం. ప్రసాదం తీసుకుని మెట్ల మీద కూర్చున్న మామ్మగారిని ఒక పెద్దాయన "ఏ ఊరమ్మా మీది?" అని పలకరించారు. మాటల మధ్యలో ఆవిడ తమ్ముడి పేరు చెప్పగా, ఆయన కొంచెంసేపు ఆలోచించి, తాను ఎరుగుదునన్నారు. దీపాల రాత్రి ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు వెళ్లాలో వివరంగా చెప్పింది కూడా ఆయనే. ఏ కారు డ్రైవరూ చెప్పలేని సంగతులు అవి.

రెండవ రోజు ఊరి వెలుపలికి వెళ్లే రోజు. ఆ ఒక్క రోజుకే రెండు కార్లు మాట్లాడుకున్నాము. ఊరికి పదమూడు కిలోమీటర్ల దూరంలో, దల్మా కొండల పాదాల దగ్గర డిమ్నా సరస్సు ఉంది. ఊరి నీటి అవసరాల కోసం ఉక్కు కంపెనీ కట్టించిన జలాశయం అది. కొండల నీడ నీళ్లలో పడి, పొద్దున్నే చూడడానికి మనోహరంగా ఉంటుంది. అక్కడినుండి దల్మా అభయారణ్యం చేరాము. ఏనుగులకు ప్రసిద్ధి చెందిన ఈ అడవిలో శిఖరం ఎత్తు సుమారు 3,000 అడుగులు. మలుపులతో కూడిన నిటారు దారి. ఆటోలకు అది తగిన దారి కాదు. తెలియని కొండదారి మీద మనమే నడుపుకునే అద్దె కారు కూడా మంచిది కాదు. ఆ దారి ఎరిగిన డ్రైవరు ఉన్న బండి తీసుకోవడమే శ్రేయస్కరం. మామ్మగారు కారులోనే కూర్చుని శిఖరం దగ్గరిదాకా రాగలిగారు. ఏనుగు కనిపించలేదు గాని, దారి పక్కన అది విరిచివేసిన వెదురు పొద కనిపించింది. పిల్లలకు అదే వారం రోజుల ముచ్చట అయింది. చీకటి పడకముందే కొండ దిగాలన్న డ్రైవర్ల సలహాను శిరసావహించాము. ఆ రోజు కార్లకు ఇచ్చిన ప్రతి రూపాయికీ ఫలం దక్కింది.

మూడవ రోజు ఉదయం ఆటోలలో పార్కుకు వెళ్లాము. పిల్లలు జంతు ప్రదర్శనశాల చూసివచ్చేసరికి, మామ్మగారు గులాబీ తోట దగ్గర బల్ల మీద నీడలో కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం బసకు వచ్చి విశ్రాంతి తీసుకున్నాము. కారు దగ్గర ఉంటే, ఇచ్చిన కిరాయి వృథా పోతుందని ఆ మధ్యాహ్నం కూడా ఎక్కడికో తిరిగేవాళ్లము. ఆటో అయినందున విశ్రాంతికి ఖర్చు లేదు.

అసలు ఘట్టం ఆ సాయంత్రమే. మార్చి 3 జమ్‌షెట్‌జీ జయంతి. ఆ సందర్భంగా పార్కునంతటినీ విద్యుద్దీపాలతో అలంకరిస్తారు. చుట్టుపక్కల ఊళ్ల నుండి జనం వెల్లువలా వస్తారు. ఆ రాత్రులలో పార్కులోనికి వాహనాలను పోనివ్వరు. ఎంత ఖరీదైన కారయినా దూరాననే ఆగవలసిందే. అక్కడినుండి అందరూ నడవవలసిందే. మందిరంలో పెద్దాయన చెప్పినట్లు, ఇంకా వెలుతురు ఉండగానే, జనం పలుచగా ఉన్నప్పుడే ఆటోలలో బయలుదేరి, వాహనాలను ఆపే చోటికి ముందుగా చేరాము. మడత కుర్చీ ఒకటి వెంట తీసుకెళ్లాము. నూరు గజాలకు ఒకసారి కుర్చీ వేయడం, మామ్మగారు కూర్చోవడం, పిల్లలు చుట్టూ చేరడం. ఇలా ఐదారు మజిలీలలో ఫౌంటెన్లు కనిపించే చోటికి చేరుకున్నాము. నడుమ ఒకచోట ఆవిడకు ఆయాసం వచ్చింది. వెనక్కు పోదామా అని కుమారుడు అడిగితే, "నాకు బండి వద్దురా, తొందర లేకపోతే చాలు" అన్నారు.

చీకటి పడింది. దీపాలు వెలిగాయి. చెట్ల కొమ్మలు, నీటి మెట్లు, దారుల అంచులు ఒక్కసారిగా రంగులు దిద్దుకున్నాయి. మామ్మగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, "వాడు నీళ్లలో దీపాలు మెట్లు దిగుతాయని రాసేవాడు. ఏదో గొప్పకు రాస్తున్నాడనుకునేదాన్ని. నిజమే రాశాడు" అన్నారు. మాలో ఎవరికీ బదులు చెప్పడానికి మాట రాలేదు.

తిరుగు ప్రయాణానికి కూడా ముందే ఏర్పాటు చేసుకున్నాము. దీపాలు చూసిన జనమంతా ఒకేసారి బయటికి వచ్చేటప్పుడు ఆటో దొరకడం దుర్లభం, ఫోనులో పిలిచే క్యాబు రద్దీ దాటి రావడం మరీ దుర్లభం. కనుక వచ్చేటప్పుడే ఆటోవాళ్లతో మాట్లాడి, రద్దీ లేని ఒక వీధి మలుపు దగ్గర ఫలానా వేళకు ఉండమని చెప్పి, వారి ఫోను నంబర్లు వ్రాసుకున్నాము. పిల్లల జేబులలో బస పేరు, మా నంబర్లు వ్రాసిన చీటీలు ఉంచాము. నలుగురు ఆటోవాళ్లూ చెప్పిన వేళకు చెప్పినచోట ఉన్నారు. మాట ప్రకారం నిలిచినందుకు వారికి కిరాయి మీద మరికొంత ఇచ్చి కృతజ్ఞత తెలుపుకున్నాము.

నాలుగవ రోజు కదమాలో మామ్మగారి తమ్ముడు నివసించిన వీధిని చూసి, సాయంత్రం రైలెక్కాము. ఆ రోజు కూడా ఆటోలే.

ఈ అనుభవం నుండి మేము గ్రహించిన సారాంశాన్ని సహోద్యోగుల ముందు ఉంచుతున్నాము. కారా, ఆటోనా అన్న ప్రశ్నకు యాత్ర మొత్తానికి ఒకే జవాబు వెతకడం వల్లనే ఇంటింటా తగవు వస్తుంది. దూరం ఎక్కువ, దారి కష్టం, చోట్లు అనేకం అయిన రోజున డ్రైవరుతో కూడిన అద్దె కారు కుటుంబానికి మేలు, ఖర్చు పంచుకుంటే భారమూ కాదు. రోజంతా ఒకేచోట గడిపేటప్పుడు, ఆ చోటు ఊరి మధ్యనే ఉన్నప్పుడు ఆటో చాలు. జనసమ్మర్దం ఉన్న ఉత్సవ దినాన ఏ వాహనమూ చివరిదాకా తీసుకుపోదు. ఆ రోజుకు ముందస్తు వేళ, కూర్చోవడానికి ఒక కుర్చీ, తిరిగి వచ్చే ఏర్పాటు ఇవే అసలైన వాహనాలు. ఇక బృందంలో అందరికంటె నెమ్మదిగా నడిచేవారు ఎవరో వారి అడుగును కొలతగా పెట్టుకుని కార్యక్రమం వ్రాసుకుంటే, మిగిలినవారికి ఎటువంటి ఇబ్బందీ ఉండదు.

వచ్చే మార్చిలో సెలవు దొరికే మిత్రులు జంషెడ్‌పూర్ తప్పక చూసిరావాలని మా మనవి. ఇంట్లోని పెద్దవారిని, మోకాళ్ల నొప్పులని, దూరమని వెనుక దిగవిడిచి వెళ్లవద్దు. ఒక కాగితం, ఒక మడత కుర్చీ, కాస్త ఓపిక ఉంటే వారు కూడా మనతో రాగలరు.